దారిలో ఆగినవానిని దాటిపోవచ్చునా?

గత ఉగాదినాటి సాయంకాలము మన సంఘ మందిరమున పంచాంగ శ్రవణము ముగిసిన పిమ్మట యువకులు కొందరు ఒకచోట చేరి చర్చ సాగించిరి. వారు ప్రతి ఆదివారము తెల్లవారుజామున బరంపురమునుండి గోపాలపురము సముద్రతీరమువరకు సైకిళ్ళపై పోయివచ్చువారు. దారిలో చక్రమునకు గాలిపోయియో, చైను తెగియో నిలిచిపోయిన తోటి సైకిలువానిని చూచినప్పుడు ఆగవలెనా, అక్కరలేదా యనునది వారి ప్రశ్న. అక్కరలేదను పక్షమే ఆనాడు నెగ్గినది. ఆ పక్షమువారు చదువుకొన్నవారు, మర్యాద తెలిసినవారు, నాకు బిడ్డలవంటివారు. అయినను వారి మాట తప్పు. ఆనాడు నేను మూలనున్న కుర్చీలో కూర్చుండి ఊరకుంటిని. ఊరకుండుటయు తప్పేయని తరువాత తోచినది. కావున ఈ సంచికలో నా సమాధానమును వ్రాయుచున్నాను.

వారు చెప్పిన కారణములు నాలుగు. ఎవరి సామగ్రి వారు తెచ్చుకొనవలె ననునది మొదటిది. చేతిలో సెల్‌ఫోనుండగా పరుల సాయమేల యనునది రెండవది. ఆగినచో పోలీసు తగాదాయో, దొంగల మోసమో తగులుకొను ననునది మూడవది. ఎవరి వేళకు వారు చేరవలసియుండుననునది నాలుగవది. ఇవిగాక, ఎవరును గట్టిగా అనకున్నను మాటల నడుమ దొర్లిన అయిదవ కారణ మొకటి కలదు. దానిని కడపట చెప్పెదను.

మొదటిదానిని తీసికొందము. స్వావలంబనము మంచిదే. సైకిలు బయటకు తీయువాడు పంపును, అతుకులను, సొల్యూషను గొట్టమును వెంట నుంచుకొనవలెననుటకు నాకును అభ్యంతరము లేదు. కాని ఆ దారిలో సైకిలు త్రొక్కువారందరు ఆదివారపు సైకిలువారు కారు. మిగిలిన ఆరు దినములు ఆ దారి ఎవరిది? గోపాలపురపు ఒడ్డున తెల్లవారకముందే చేపలు కొని, గంపను క్యారియరునకు కట్టి పట్టణమునకు పరుగెత్తువానిది. అచ్చటి బెస్తలలో మన తెలుగు మాటలాడు వాడబలిజెలు ఎందరో కలరు. ఒరియావారు వారిని నోళియాలందురు. మొగలిపూలు కోసి బట్టీలకు చేర్చువారు మరికొందరు. గంజాం మొగలి అత్తరునకు పేరు పొందినది. ఆ పూవు కోసిన కొలది గంటలలో బట్టీకెక్కకున్నచో వాసన దిగిపోవును, ధరయు దిగిపోవును. ఇక కొబ్బరికాయల బస్తాలవారు, తాపీపనికి పోవు కూలీలు, పాఠశాలకు పోవు ఆడపిల్లలు సరేసరి. వీరి సైకిలు ఇరువదియెనిమిది అంగుళముల నల్ల సైకిలు. సీటుక్రింద సంచి యుండదు. పంపు తగిలించినను, సంతలో సైకిలు నిలిపి తిరిగివచ్చులోపల అది మాయమగును. కొన్నదానికంటె పోయినదే ఎక్కువసారులని వారే చెప్పుదురు.

అట్టివానిని చూచి ‘సామగ్రి తెచ్చుకొనవలసినది’ అనుట, గొడుగు లేనివానిని వానలో చూచి ‘గొడుగు కొనవలసినది’ అని చెప్పి పోవుటయే. మాట నిజమే. దానివలన వాని తడి ఆరదు.

‘మా పంపు వారి సైకిలునకు పట్టదు’ అని ఒక యువకుడనెను. ఇది తెలియక అన్నమాట. ఖరీదైన సైకిళ్ళకుండు సన్నని వాల్వునకు సరిపడు పంపు మన నల్ల సైకిలు వాల్వునకు కూడ సరిపోవును. రెండింటి మర లావు ఒక్కటియే. మోటారుకార్లకుండునట్టి లావు వాల్వునకు మాత్రమే బిగించు పంపైనచో పట్టదు. అతుకునకు ఆ భేదమే లేదు. ఏ రబ్బరు ట్యూబునకైనను అదే అతుకు, అదే సొల్యూషను. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బోయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడుచక్రముల బండికి గాలినింపిన రబ్బరు గొట్టములను తొడిగిన నాటినుండి, సైకిలు త్రొక్కువాడు ధనికుడైనను పేదయైనను ముల్లు గ్రుచ్చుకొన్న వెంటనే నేలమీదికి దిగవలసినదే. తుమ్మముల్లు ఖరీదు చూడదు.

స్వావలంబనమును నియమముగా పెట్టినచో అది ఎంతవరకు పోవునో చూపు పాత కథ యొకటి కలదు. 1913లో ఫ్రాన్సుదేశమునందలి టూర్ డి ఫ్రాన్స్ పందెములో యూజీన్ క్రిస్టోఫ్ అను పందెగాడు టుర్మాలే కనుమ దిగుచుండగా అతని సైకిలు ముందు ఫోర్కు విరిగినది. పరుల సాయము పొందరాదని పందెపు నియమము. సైకిలును భుజముపై మోసికొని పది కిలోమీటర్లకు పైగా నడచి, క్రింది గ్రామమున కమ్మరికొలిమి చేరి, తానే ఇనుమును కాల్చి అతికించుకొనెను. గంటలకొలది కాలము పోయినది. అంత చేసినను, కొలిమితిత్తిని ఒక బాలుడు ఊదినాడను నేరమునకు అధికారులు అతనిపై దండనగా కాలము విధించిరి. నూరేండ్లు దాటిన పిమ్మటను ఈ కథను చెప్పుకొనువారు ఆ అధికారులను మెచ్చుకొనుట లేదు. క్రిస్టోఫ్ ఓర్పును, తిత్తి ఊదిన బాలుని మంచితనమునే చెప్పుకొనుచున్నారు. అది పందెము గనుక అట్టి నియమమునకు ఏదో అర్థముండెనేమో. గోపాలపురపు దారి పందెము కాదు. ఈనాడు రెండువందల కిలోమీటర్లను పదమూడున్నర గంటలలో త్రొక్కు దూరయానములు మన దేశమునను జరుగుచున్నవి. వెంట సహాయపు కారు రాగూడదని అచ్చట నియమము. అయినను తోటివానికి ట్యూబిచ్చుట వారిలో మంచి ఆచారమే. మన యువకులు ఆ నియమమును నేర్చి, ఈ ఆచారమును విడిచినట్లున్నారు.

రెండవ కారణము సెల్‌ఫోను. ఫోనున్నది సరే, ఎవరికి చేయవలెను? మనకైనచో ఇంటిలో స్కూటరున్నది, కారున్నది, వచ్చు కుమారుడున్నాడు. చేపల గంపవానికి అతని సైకిలే కారు. పంక్చరు అంగడివాడు తన బొంతను, నీళ్ళతొట్టిని విడిచి పది కిలోమీటర్లు వచ్చునా? ఫోను చేయుటకు అవతల ఒకడుండవలెను. ఆ ఒకడు లేనివాడే దారిలో నిలుచును.

ఇంతలోనే మనము 2013ను మరచితిమా? ఆ సంవత్సరము అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురమువద్దనే తీరము దాటినది. మరునాడు లేచి చూచినచో దారులకడ్డముగా చెట్లు, తెగిన కరెంటు తీగలు. ఫోనులు మూగవోయినవి. కార్లు, మోటారుసైకిళ్ళు చెట్ల కీవలనే నిలిచిపోయినవి. కొమ్మలపైనుండి ఎత్తి అవతలికి దింపుకొనగలిగినది సైకిలొక్కటే. అది కూడ ఒక్కని చేత కాలేదు. ఇవతలివాడు ఎత్తగా అవతలివాడు అందుకొనెను. ఆ దినములలో ఎవడును ఎవనిని ‘నీ సామగ్రి నీవు తెచ్చుకొంటివా’ యని అడుగలేదు. 2018లో తిత్లీ తుపాను పలాసవైపున తీరము దాటినప్పుడు శ్రీకాకుళము జిల్లాలోని మన బంధువులకును ఇదే అనుభవము. ఆపద అందరికి వచ్చినప్పుడు తెలిసిన ధర్మము, ఒక్కనికి వచ్చినప్పుడు మరువవలసినదా?

మూడవది భయము. దీనిని నేను తేలికగా త్రోసివేయను. ప్రమాదములో గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చినచో తన మెడకే చుట్టుకొనునను భయము మన తరమువారికి గట్టిగా నుండెడిది, నిష్కారణముగాను కాదు. కాని ఇప్పటి చట్టము వేరు. సాయపడినవారిని వేధింపరాదని కేంద్రప్రభుత్వము 2015లో వెలువరించిన మార్గసూచికలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టబలము కల్పించినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించినప్పుడు 134ఏ అను సెక్షను చేర్చబడినది. మంచి మనస్సుతో సాయపడినవాని చేతిలో ఏదైన పొరపాటు జరిగినను అతనిపై సివిలుగాని క్రిమినలుగాని చర్య ఉండరాదని దాని సారాంశము. 2020లో వచ్చిన నియమముల ప్రకారము తన పేరును చిరునామాను చెప్పుమని అతనిని నిర్బంధింపరాదు. ఇదంతయు ప్రమాదములకు సంబంధించిన మాట. గాయపడినవానిని తాకుటకే చట్టము ఇంత రక్షణ కల్పించియుండగా, గాలిపోయిన ట్యూబును తాకుటకు భయమేల?

ఇక దొంగల మాట. చీకటిపడిన పిదప నిర్జనమైన చోట ఆగుమని నేనెవరికిని చెప్పను. ఒంటరిగా పోవు స్త్రీకి అసలే చెప్పను. వెనుక క్యారియరుపై జబ్బుమనిషిని కూర్చుండబెట్టుకొని పోవువాడు ఆగనక్కరలేదు. అట్టివారు కూడ ముందున్న టీ అంగడివద్ద ‘వెనుక మైలురాతి దగ్గర ఒకరు నిలిచిపోయినారు’ అని ఒక్కమాట చెప్పి పోవచ్చును. దానికి పట్టునది అర నిమిషము. పట్టపగలు, అటునిటు మనుషులు తిరుగుచుండగా, పదిమంది బృందముగా పోవువారు దొంగల భయము చెప్పుట నాకు నమ్మదగినదిగా తోచుట లేదు.

నాలుగవది కాలము. దీనినిగూర్చి వ్రాయుటకు నాకు అర్హత కలదు. అది సుఖమైన అర్హత కాదు.

1994 మార్చి నెలలో నేను గోపాలపురపు దారిలోని మా ఊరినుండి బరంపురములోని కచ్చేరికి ప్రతిదినము సైకిలుపై పోవుచుంటిని. దరఖాస్తులు తీసికొను కిటికీ నాది. ఒకనాడు తొమ్మిదింబావు వేళ, పట్టణ మింకను ఏడు కిలోమీటర్లున్నదనగా, రెండు కొబ్బరికాయల బస్తాలు కట్టిన సైకిలును ఒక నడివయసువాడు తోసుకొనుచు కనబడెను. వెనుక చక్రములో గాలిలేదు. నన్ను చూచి చేయి కొంచెమెత్తెను. నా చేతిసంచిలో పంపుండెను, జానెడు వాల్వు ట్యూబు ముక్కయు నుండెను. కాని పదిగంటలకు కుర్చీలో ఉండవలెను. ఆలస్యమునకు అంతకుముందే ఒక మాట పడియుంటిని. నేను ఆగలేదు. తొమ్మిది యేబదికి కచ్చేరి చేరితిని.

ఆనాడు ఒక దరఖాస్తునకు కడపటి దినము. మధ్యాహ్నము పండ్రెండింటికి కిటికీ మూయవలెను, మూసితిని. పిమ్మట పావుగంటకు ఒకడు వచ్చి తట్టెను. తలుపు కొంచెము తెరచి, వేళ మించినదంటిని. చూడగా ఉదయము చేయి ఎత్తినవాడే. అతడు వాదింపలేదు. ‘వాల్వు ట్యూబు పోయినదట బాబూ, పట్టణము అంచున అంగడివాడు చూచి చెప్పినాడు, అయిదు నిమిషముల పని’ అని ఒరియాలో చెప్పి, దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకొనెను. నన్ను గుర్తుపట్టినాడో లేదో ముఖమును బట్టి తెలియలేదు. ఆ దరఖాస్తు ఆరు నెలల తరువాతి విడతలో గాని పోలేదు.

నేను పదిగంటలకు చేరవలసినది ఎవరి కొరకు? ఆ కిటికీకి వచ్చువారి కొరకు. వారిలో నొకనిని దారిలో విడిచి, వారి కొరకే వేళకు చేరితినని తృప్తిపడితిని. హాజరు పుస్తకములో నా సంతకము సరిగానే యున్నది. ఆ అయిదు నిమిషములు ఆగినచో నాకు మహా అయిన ఒక మాట వచ్చియుండెడిది. అతనికి ఆరు నెలలు పోయినవి. కాలము విలువైనదని చెప్పు యువకులను నేనడుగునది ఇంతియే: ఎవరి కాలము? ఆదివారమునాడు సముద్రపు ఒడ్డున పదినిమిషములు ముందుగా కాఫీ త్రాగువాని కాలమా, గంపలో చేప మెత్తబడుచుండగా నడచువాని కాలమా?

ఇప్పుడు అయిదవ కారణము. ‘మనవాడైనచో ఆగుదుము గదా’ అని ఆనాడు ఇద్దరు ముగ్గురనిరి. ఇది సాయమునకు ఒప్పుకొన్నట్లు కనబడును. నాకు మాత్రము మొదటి నాలుగింటికంటె ఇదియే ఎక్కువ బాధ కలిగించినది. దాచనేల, 1994లో నేను ఆగకపోవుటకు వేళ యొక్కటే కారణము కాదు. తలకట్టును బట్టి, మాటను బట్టి అతడు ఒరియావాడని గ్రహించితిని. ‘వీనికి వీనివారు దొరకుదురులే’ అని మనసులో అనుకొంటిని. ఆ అనుకొనుటకు అర్థక్షణము కూడ పట్టలేదు.

ఇచ్చట మనమెవరము? 1936 ఏప్రిల్ 1న ఒడిషా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు గంజాం జిల్లాలో అధికభాగము మద్రాసు రాజధానినుండి విడివడి ఇటు వచ్చినది. ఇచ్ఛాపురము అటు నిలిచినది. నాటినుండి మనము తక్కువ సంఖ్యవారము. మన బడులు, మన గ్రంథాలయములు, మన పండుగలు నిలుపుకొనుటకు సంఘములు పెట్టుకొంటిమి. హోసూరులో, బళ్ళారిలో, షోలాపురమున మగ్గాల పేటలలో, యానాములో ఉన్న మన సోదరులును అట్లే చేసికొనుచున్నారు. అది న్యాయమే, భాష మరచినవానికి ఇల్లు మరచినంత నష్టము. కాని సంఘములో ‘మనవాడు’ అను మాట వేరు, దారిలో వేరు. దారిలో ఆ మాట పలుకుచు పోవు మైనారిటీవారికంటె తెలివితక్కువవారు లేరు. ఏలయన దారిలో మనము ఒకరుగా నున్నచోట ఇతరులు పదుగురుగా నున్నారు. ప్రతివాడును తనవానికొరకే ఆగునను నియమము నిజముగా అమలైనచో మొదట నిలిచిపోవువారము మనమే.

ఇది లాభనష్టముల లెక్క. దీనికంటె పైమాట కూడ ఒకటి కలదు. మన పెద్దలు దారులవెంట చలివేంద్రములు పెట్టిరి, ధర్మసత్రములు కట్టించిరి. చలివేంద్రములో ముంతతో నీరు పోయువాడు దాహముగొన్నవాని భాష అడిగెనా? సంస్కృతిని నిలుపుకొనవలెనని సభలలో మనము చెప్పుకొను సంస్కృతి అదియే. కుండలో నీటికి బదులు నేడు పంపులో గాలి.

అయితే నేను కోరునది ఏమి? ప్రతివాడును ప్రతి చక్రమును విప్పి కూర్చుండవలెననుట లేదు. మూడు మెట్లున్నవి. మొదటిది అడుగుట: వేగము తగ్గించి, కాలు నేలనాన్చి, ‘ఏమైనది, ఏమైన కావలెనా?’ అని అతనికి తెలిసిన భాషలో అడుగుట. చాలమంది ‘అక్కరలేదు’ అనియే చెప్పుదురు. అడిగినందుకు వారి ముఖము విప్పారును. ఈ మెట్టునుండి పగటివేళ ఎవరికిని మినహాయింపు లేదు. రెండవది ఉన్నది ఇచ్చుట: పంపు, అతుకు, వాల్వు ట్యూబు ముక్క, త్రాగుటకు నీరు, ఒక ఫోను పిలుపు. మూడవది చేతనైనది చేయుట. ముందు వాల్వు చూడవలెను; పంక్చరనుకొన్నది పలుమార్లు వాల్వు ట్యూబు ఎండి చీలుటయే. అది బాగున్నచో టైరును ఒకవైపు ఊడదీసి, ట్యూబులో గాలి కొట్టి, నీరు లేనిచోట చెంపకు దగ్గరగా త్రిప్పినచో చిల్లునుండి గాలి చల్లగా తగులును. అచ్చట గరుకు కాగితముతో రుద్ది, సొల్యూషను పూసి, తడి కొంచెమారనిచ్చి అతుకు వేసి నొక్కవలెను. తడిమీదనే వేసినచో ఊడిపోవును. టైరు లోపలివైపున వ్రేలితో తడిమి ముల్లు తీయకున్నచో ఫర్లాంగు పోవులోపల మరల అదే కథ. అంతయు కలిపి ఇరువది నిమిషములు.

సాయము పొందువానికిని ధర్మమున్నది. దారికడ్డముగా సైకిలు పరచి కూర్చుండరాదు. పరుల పంపును మెల్లగా వాడి తుడిచి ఇయ్యవలెను. వెలకట్టి డబ్బు చేతిలో పెట్టబోరాదు. ఇంకొకరికి తాను ఆగుటయే ఆ బాకీ తీర్చుట. అంగడివాని పొట్ట కొట్టుట కూడ సరికాదు. దారిలో మనము వేయు అతుకు అంగడివరకు చేరుటకు మాత్రమే.

కడపట మన సంఘమునకు ఒక విన్నపము. పట్టణము దాటినపిమ్మట ఆ దారిలో పంక్చరు అంగడి ఉదయము ఆలస్యముగా తెరచును. మన సంఘమందిరము వాకిలి ఆ దారివైపునే యున్నది. గ్రంథాలయము తెరచు బాబు ప్రాతఃకాలముననే వచ్చును. వాకిటిలో గొలుసుతో కట్టిన నిలువుపంపు నొకదానిని, నీళ్ళతొట్టిని, అతుకులు, సొల్యూషను, వాల్వు ట్యూబు గల డబ్బాను ఉంచవలెనని ప్రతిపాదించుచున్నాను. పైన బోర్డు పెట్టినచో తెలుగులోను, ఒరియాలోను వ్రాయవలెను. సంఘసభ్యులకు మాత్రమే అను మాట ఉండరాదు. ఏటేట సభలో మనము ఖర్చుచేయు పూలదండల వెలలో నాలుగవవంతు కూడ దీనికి కాదు. కార్యవర్గమువారు సమ్మతించినచో ఆ పంపును నేను కొనియిచ్చెదను. ఒకనాడు నా సంచిలోనుండి బయటికి రాని పంపునకు బదులుగా అది అచ్చట నుండవలెనని నా కోరిక.